జారే బద్దలతో కొండెక్కడం

సంక్రాంతి రోజుల్లో జగ్గయ్యపేటలోనో నందిగామలోనో, అమెరికాలో పిల్లలున్న ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్ మోగుతుంది. ఇక్కడ పడుకునే వేళ. సియాటిల్ వైపు అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. అబ్బాయి ఎక్కడో కారు పార్కింగులో నిలబడి ఫోన్ అటు తిప్పి చూపిస్తాడు. తెల్లటి కొండ. దాని మీద పది పన్నెండు మంది కాళ్లకు మనిషెత్తు బద్దలు తగిలించుకుని, ఒకరి వెనక ఒకరు నింపాదిగా పైకి నడిచిపోతున్నారు.

"అదేంట్రా, జారడానికి కట్టుకునే బద్దలు కదా అవి? వాటితో పైకెలా పోతున్నార్రా?" అని అడుగుతుంది అమ్మ.

అడగాల్సిన ప్రశ్నే. జారడం కోసమే నునుపుగా చేసిన వస్తువు ఎదురు కొండ ఎక్కేటప్పుడు ఎందుకు జారదు? దీనికి జవాబు చిన్నదే, రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది, పెద్దది. కొండ మీద మనిషి జారకుండా నిలబడ్డాడు సరే, కొండ మీద మంచు జారకుండా ఎలా నిలబడింది? ఎంతసేపు నిలబడుతుంది?

ఆ అబ్బాయి నిలబడ్డ చోటు స్నోక్వాల్మీ కనుమ. వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ కొండల్ని ఐ-90 హైవే దాటే చోటు. సియాటిల్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు, అంటే మన జగ్గయ్యపేట నుంచి విజయవాడకున్నంత దూరం. మనం చిల్లకల్లు, కీసర టోల్‌గేట్లు దాటి బెంజిసర్కిల్ చేరే సమయంలో బెల్వ్యూ, రెడ్మండ్, సమామిష్‌లలో ఉండే మనవాళ్లు మంచుకొండ మొదట్లో కారు దిగుతారు. అక్కడ లిఫ్టు కుర్చీలో కూర్చోబెట్టి పైకి తీసుకెళ్లే స్కీ రిసార్టులూ ఉన్నాయి. లిఫ్టు, టికెట్టు, కాపలా ఏవీ లేకుండా సొంత కాళ్ల మీద ఎక్కి, ఎవరూ చదును చేయని మంచులో దిగిరావడం ఇంకో పద్ధతి. దాన్నే బ్యాక్‌కంట్రీ స్కీ టూరింగ్ అంటారు. వీడియోలో అమ్మ చూసింది దాన్నే.

వెనక్కి వాలిన వెంట్రుకలు

రహస్యం స్కీ అనే ఆ బద్ద అడుగున ఉంది. కొండ ఎక్కే ముందు స్కీయర్ బ్యాగులోంచి పొడవాటి పట్టీలు రెండు తీసి స్కీల అడుగున అంటిస్తాడు. ఒకవైపు జిగురు, రెండోవైపు మఖ్మల్ గుడ్డకున్నట్టు పొట్టి నూగు. ఆ నూగు నిలువుగా ఉండదు, తోక వైపుకు వాలి ఉంటుంది. స్కీని ముందుకు తోస్తే వెంట్రుకలు ఇంకా పడుకుని దారి ఇస్తాయి. బరువు వేసినప్పుడు స్కీ వెనక్కి జారబోతే అవే వెంట్రుకలు ఎదురు తిరిగి, కొసలు మంచు పలుకుల్లో గుచ్చుకుంటాయి. ముందుకు తక్కువ రాపిడి, వెనక్కి ఎక్కువ రాపిడి. అంతకుమించి మాయ లేదు.

పూర్వం ఈ పట్టీలను సీల్ తోలుతో చేసేవారు. ఇప్పుడు సీల్ లేకపోయినా వాటిని 'స్కిన్స్' అనే పిలుస్తారు. ఈనాటివి నైలాన్‌తోనో, అంగోరా మేక బొచ్చు మోహేర్‌తోనో, రెండూ కలిపో నేస్తారు. మోహేర్ బాగా ముందుకు సాగుతుంది, నైలాన్ పట్టు ఎక్కువ, త్వరగా అరగదు. పైకి చేరాక పట్టీలు పీకి మడిచి కోటు లోపల పెట్టుకుంటారు. చలికి జిగురు గట్టిపడితే మళ్లీ అంటుకోదు, అందుకే ఒంటి వేడి తగిలేచోట దాస్తారు.

ఈ పట్టుకు హద్దుంది. ఇరవై డిగ్రీల వాలు దాటుతున్నకొద్దీ వెంట్రుకలు ఓడిపోవడం మొదలవుతుంది. అందుకే ఎవరూ కొండకు ఎదురుగా తిన్నగా ఎక్కరు, అడ్డదిడ్డంగా మలుపులు తిరుగుతూ వాలును తగ్గించుకుంటారు. మన ఘాట్ రోడ్లు వేసినవాళ్లూ చేసింది అదే.

బాక్సు: మడమ సంగతి

లిఫ్టులో ఎక్కే స్కీకి బూటు ముందూ వెనకా బిగిసి ఉంటుంది. దానితో నడవలేం. టూరింగ్ స్కీకి బూటు ముందు కొస మాత్రమే రెండు చిన్న పిన్నుల మధ్య ఇరుసులా తిరుగుతుంది, మడమ లేస్తుంది. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో రూపొందించిన ఈ పిన్ను పద్ధతే ఇప్పుడు దాదాపు అంతటా కనిపిస్తుంది. అడుగు ఎత్తక్కర్లేదు, ముందుకు జరిపితే చాలు. దిగేటప్పుడు మడమను బిగిస్తే అది మామూలు స్కీ. ఇక బద్ద అంత పొడవు ఎందుకంటే, బూట్లతో మెత్తటి మంచులో అడుగేస్తే మోకాలి దాకా, ఒక్కోసారి నడుం దాకా దిగిపోతాం. స్కీ జత వైశాల్యం బూట్ల కంటే అయిదారు రెట్లు. అదే బరువు అంత చోటికి పంచేసరికి మంచు మోస్తుంది.

అరకు ఎత్తులో పది మీటర్ల మంచు

స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 921 మీటర్లు. మన అరకు లోయ కూడా రమారమి అంతే ఎత్తు. హిమాలయాల లెక్కలో దాన్ని కొండ అని కూడా అనరు. అలాంటి చోట ఏడాదికి కురిసే మంచు సగటున పది మీటర్లు దాటుతుంది. ఒకేసారి అంత మందాన నిలవదు, పడుతూ అణుగుతూ కరుగుతూ ఉంటుంది. కురిసిందంతా కలిపితే వచ్చే లెక్క అది.

ఎందుకంత? అరకు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే ఇది 47 దాటి ఉంది, చలికి అది కారణం. మంచుకు చలి ఒక్కటే చాలదు, తేమ కావాలి. పడమట పసిఫిక్ సముద్రం ఉంది. అక్కణ్నుంచి తేమ నిండిన గాలి తిన్నగా వచ్చి కాస్కేడ్ కొండలకు కొట్టుకుంటుంది. అడ్డం వచ్చిన కొండను దాటాలంటే పైకి లేవాలి. లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, చల్లబడ్డ గాలి తేమను మోయలేక దింపేస్తుంది. పడమటి కనుమలకు నైరుతి గాలి కొట్టుకున్నప్పుడు అగుంబెలో కురిసే వానది కూడా ఇదే లెక్క. అక్కడ వాన, ఇక్కడ మంచు.

కనుమ అనేసరికి ఇంకో పేచీ వస్తుంది. కొండల వరసలో కనుమ అంటే గండి. తూర్పున ఉన్న మైదానంలో చలికాలం బరువైన చల్లగాలి నిలవ చేరి ఉంటుంది. పడమట సముద్రం మీంచి తుపాను దగ్గరపడి పీడనం తగ్గగానే ఆ చల్లగాలి గండిలోంచి పడమటికి దూసుకొస్తుంది. పైన వెచ్చటి గాలి, కింద చల్లటి గాలి. కనుమలో మంచు కురుస్తూ ఉంటుంది, ఒక్కోసారి వాన పడి తాకినచోటల్లా గడ్డకడుతుంది. కొన్ని గంటలకు గాలి పడమటికి తిరగ్గానే ఆ చల్లగాలి తలుపు మూసుకుంటుంది, వేడెక్కి మామూలు వాన మొదలవుతుంది. తుపాను వెళ్లాక ఆకాశం తేటపడి రాత్రి మళ్లీ గడ్డకట్టే చలి.

ఒకే వారంలో పొడి మంచు, గడ్డకట్టే వాన, తడి వాన, చలి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పైగా గండిలో గాలి జోరెక్కువ కాబట్టి, ఒకవైపు వాలు మీది మంచును ఊడ్చుకెళ్లి శిఖరం అవతల వాలు మీద పోస్తుంది. ఆకాశం నుంచి ఒక్క పలుకు రాలకపోయినా గాలి చాటు వాలు మీద గంటల్లో మందం పెరిగిపోతుంది. స్కీయర్లు భయపడాల్సిన బరువు చాలాసార్లు ఇలా పోగైందే.

పొరలు

మంచును మనం తెల్లటి ముద్దగా ఊహించుకుంటాం. గొయ్యి తవ్వి పక్క గోడను చూస్తే అది ముద్ద కాదని తెలుస్తుంది.

మన వైపు వాళ్లకు దీన్ని చెప్పడం సులువు. జయంతిపురం, ముక్త్యాల చుట్టూ సిమెంటు కోసం తవ్వే సున్నపురాయిని చూసినవాళ్లెవరికైనా తెలుసు, అది ఒకే బండ కాదు. పరుపులు పరుపులుగా ఉంటుంది. రెండు గట్టి పరుపుల మధ్య ఒక్కోచోట వేలెడు మందాన మెత్తటి మట్టి పొర కనిపిస్తుంది. నాపరాయి తీసేవాళ్లు రాయిని కొట్టరు, ఆ సందు వెతికి గునపం పెడతారు. గట్టి రాయికి దెబ్బ తగలకుండానే పలక లేచి వస్తుంది. పలక ఎంత గట్టిదన్నది లెక్కకు రాదు. దాని కింద ఏముందన్నదే లెక్క. జగ్గయ్యపేట ధనంబోడు మీద రెండు వేల ఏళ్ల కిందట స్తూపానికి శిల్పాలు చెక్కినవాళ్లకూ పలకలుగా విడే ఈ పల్నాటి రాయి గుణమే అక్కరకొచ్చింది.

కొండ మీది మంచులోనూ ఇదే కథ. ఒక్కో తుపాను ఒక్కో పరుపు. వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక బలహీనమైన పొర. అది రెండు మూడు రకాలుగా పుడుతుంది.

ఒకటి, తేటగా ఉన్న చలి రాత్రి. మంచు ఉపరితలం తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. గాలిలో తేమ దాని మీద ఈకల్లాంటి పలచటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గడ్డి మీద పడే మంచుబిందువులు పుట్టేదీ ఇలాగే. అక్కడ నీటిచుక్కకు బదులు నేరుగా మంచు ఈక ఏర్పడుతుంది. ఉదయం ఎండలో అవి మెరుస్తుంటే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు వాటి మీద అరమీటరు కొత్త మంచు పడితే, నిలబడ్డ ఆ ఈకలే మొత్తం బరువును మోయాలి.

రెండోది మంచు లోపలే జరుగుతుంది. కింద నేల దగ్గర మంచు ఉష్ణోగ్రత సున్నా దగ్గరుంటుంది. పైన మైనస్ పది పదిహేను ఉండొచ్చు. ఈ తేడా వల్ల కింది పలుకుల నుంచి ఆవిరి లేచి పై పలుకులకు అంటుకుంటుంది. పది సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ కంటే తేడా ఎక్కువైతే, ఒకదానికొకటి అతుక్కుని ఉన్న గుండ్రటి పలుకులు కాస్తా కోణాలు తేలి విడివిడిగా మారతాయి. గుప్పెట్లో పిసికితే ముద్ద కావు, వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి. స్కీయర్లు దీన్ని 'షుగర్ స్నో' అంటారు. గడ్డకట్టిన వాన పెచ్చుకు ఆనుకుని కూడా ఇలాంటి పలుకులు పెరుగుతాయి. స్నోక్వాల్మీలో వాన పెచ్చులకు కొదవలేదు కదా.

రాయికీ మంచుకూ తేడా ఒకటుంది. మట్టి పొర మీద నాపరాయి జారుతుంది. మంచులో బలహీనమైన పొర ముందు కుప్పకూలుతుంది, ఆ తర్వాతే పైది జారుతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, ప్రాణాలు పోయేది మాత్రం దీని దగ్గరే.

పలక తెగే క్షణం

బలహీనమైన పొర మీద అరమీటరు, ముప్పావు మీటరు మందాన బిగిసిన మంచు పలక ఉందనుకుందాం. అది రోజుల తరబడి కదలకుండా ఉండొచ్చు. ఇప్పుడు ఒక మనిషి స్కీల మీద వచ్చాడు. అతని బరువు పలక గుండా కిందికి దిగి, పొరలో ఒక్కచోట పలుకుల్ని విరుస్తుంది. అక్కడ పొర కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది. పైనున్న పలక వంగి, ఆ వంపు పక్కనున్న పలుకుల మీద భారం వేస్తుంది. అవీ విరుగుతాయి. అలా పగులు పక్కకు పక్కకు పరిగెడుతుంది, క్షణంలో పదుల మీటర్లు దాటిపోతుంది. వాలు తగినంత ఉంటే మొత్తం పలక ఒక్కసారిగా తెగి కదులుతుంది.

చదును నేల మీదైతే పొర కుంగుతుంది కానీ పలక ఎక్కడికీ పోదు. కాళ్ల కింద 'వుమ్' అని బరువైన చప్పుడు మాత్రం వినిపిస్తుంది, కొద్దిగా దిగినట్టు తెలుస్తుంది. కొండ ఇంతకంటే స్పష్టంగా మాట్లాడదు. అయినా ఆ చప్పుడు విన్నాక కూడా ముందుకెళ్లినవాళ్లున్నారు. పగులు చదును నుంచి పక్కనున్న నిటారు వాలుకూ పాకగలదు. అంటే కొండ కింద నిలబడ్డ మనిషి పైనున్న మంచును తన మీదికే తెచ్చుకోగలడు.

పలక బరువెంతో ఒకసారి లెక్క వేద్దాం. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అరమీటరు మందం. కొండ మీద ఇది చిన్న ముక్క. ఘనపు మీటరుకు 200 కిలోల చొప్పున 250 టన్నులవుతుంది. మన జగ్గయ్యపేట లెక్కలో చెప్పాలంటే 5,000 సిమెంటు బస్తాలు. అది కొద్ది సెకన్లలోనే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోగలదు.

ప్రాణాలు తీసిన మంచు చరియల్లో పదింట తొమ్మిదింటిని కదిలించింది ఆ చిక్కుకున్న మనిషో, అతనితో వచ్చినవాళ్లో. దీన్ని దైవాధీనం అనడానికి వీల్లేదు. కొండ మీద మంచు ఎక్కడినుంచో ఊడిపడి అటుగా పోయేవాణ్ని కప్పేసిందన్న ఊహ సినిమాది.

మరి ముందు పదిమంది వెళ్లిన జాడ కనిపిస్తోంది కదా, వాళ్లకేం కాలేదు కదా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మనిషి బరువు ప్రభావం మీటరు లోతు దాటితే బాగా తగ్గిపోతుంది. పది మందీ పలక మందంగా ఉన్నచోట నడిచి ఉంటారు. పదకొండోవాడు రాయి పక్కనో చెట్టు మొదట్లోనో పలక పలచబడ్డచోట అడుగు వేస్తాడు. పగులు అక్కడ మొదలై మందంగా ఉన్న చోటును కూడా లాక్కుపోతుంది.

బాక్సు: మేడమెట్ల వాలు

పలకలు తెగి జారే వాలు దాదాపుగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది, 38కి అటూ ఇటూ ఎక్కువ. అంతకు తక్కువైతే కిందికి లాగే బలం రాపిడిని గెలవలేదు. అంతకు బాగా ఎక్కువైతే మంచు నిలవ చేరకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మన ఇళ్ల మేడమెట్లు సాధారణంగా 30 నుంచి 35 డిగ్రీల వాలులో ఉంటాయి. దాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. సరదాగా జారడానికి బాగుండే వాలు కూడా సరిగ్గా ఇదే, తిప్పలు అక్కడే మొదలయ్యాయి. కొండ మీద కొలవడానికి చేతిలో ఉన్న రెండు కర్రలు చాలు. ఒకదాన్ని నిలువుగా పట్టుకుని, అంతే పొడవున్న రెండోదాన్ని దాని సగం ఎత్తు నుంచి కొండవైపు అడ్డంగా చాపాలి. కొస సరిగ్గా మంచుకు తగిలితే వాలు 27 డిగ్రీలు. కొస మంచులోకి దిగిపోయి, అడ్డ కర్రను ఇంకా పైకి జరపాల్సి వస్తుంటే వాలు అంతకంటే నిటారన్నమాట.

హైవే పక్కన ఉన్నంత మాత్రాన

స్నోక్వాల్మీ లాంటి చోట అసలు చిక్కు ఇదీ. రోడ్డు మీద ఉన్న భద్రత రోడ్డు పక్కన కూడా ఉందనిపిస్తుంది.

రోడ్డు మీద భద్రత ఊరికే రాలేదు. ఐ-90కి పైనున్న వాలుల మీద మంచు పోగైనప్పుడు రాష్ట్ర రవాణా శాఖ హైవేను ఆపేసి, పేలుడు పదార్థాలతో తామే ముందుగా చరియల్ని దించేస్తుంది. ఉత్తరాన ఇంకో కనుమ ఉంది, స్టీవెన్స్ పాస్. అక్కడ కొన్నేళ్ల పాటు సైన్యం దగ్గర తెచ్చుకున్న యుద్ధ ట్యాంకులతో కొండ మీదికి గుళ్లు పేల్చి మంచును దించారు. ప్రయాణికుల కారు ఆగకుండా పోవడానికి ఇంత యుద్ధం జరుగుతుంది. ఆ యుద్ధం రోడ్డు కోసమే. పార్కింగులో కారు పెట్టి, స్కీలు తగిలించుకుని రెండు వందల మీటర్లు నడిచాక అడుగు పడే వాలును ఎవరూ పేల్చలేదు, ఎవరూ చూసి రాలేదు.

ఆ స్టీవెన్స్ పాస్ దగ్గరే 1910లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్ల రెండు రైళ్లు మంచుకు దారి మూసుకుపోయి వెల్లింగ్టన్ అనే చిన్న స్టేషన్లో రోజుల తరబడి ఆగిపోయాయి. మంచు తర్వాత వాన, ఉరుములు. మార్చి 1 అర్ధరాత్రి దాటాక పైనున్న వాలు తెగి రెండు రైళ్లనూ లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతమందిని పొట్టన పెట్టుకున్న మంచు చరియ మరొకటి లేదు. రైల్వే వాళ్లు చివరికి కొండతో పోరు మానుకుని కింద 12 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి 1929లో లైను దాని గుండా మళ్లించారు.

నూరేళ్ల తర్వాత, 2012 ఫిబ్రవరి 19న, అదే స్టీవెన్స్ పాస్ రిసార్టు సరిహద్దు అవతల టనెల్ క్రీక్ అనే వాలులోకి పదహారు మంది స్కీయర్లు దిగారు. కొత్తవాళ్లు కాదు, మంచును వృత్తిగా చేసుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ముందు రోజుల్లో బాగా కొత్త మంచు పడింది. లిఫ్టు ఎక్కి కొంచెం నడిస్తే ఆ వాలు పైభాగానికి చేరిపోవచ్చు. పలక తెగింది, మంచు దాదాపు 800 మీటర్ల దిగువకు పోయింది. ముగ్గురు చనిపోయారు. ఆ ఘటన మీద న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఈ రెండో ఘటనలో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ 'కొంచెం నడిస్తే'. దూరపు కొండకు వెళ్లాలంటే మూడు నాలుగు గంటలు మంచులో నడవాలి. ఆ నడకలో కర్ర దిగే తీరు, గాలి దిశ, పక్క వాలు మీద రాత్రి తెగిన పలక, కాళ్ల కింద చప్పుడు అన్నీ తెలుస్తూ వస్తాయి. పార్కింగు నుంచి ఇరవై నిమిషాల్లో వాలు పైకి చేరితే, కొండ ఏమీ చెప్పకముందే జారడం మొదలుపెడతాం. దానికి తోడు చుట్టూ జనం. ముందు పడ్డ జాడలు. ఎవరో ఒకరు చూసుకునే ఉంటారన్న ధీమా. రోడ్డు తగ్గించింది నడకను. పొరను కాదు.

ఆల్పెంటల్ పార్కింగు నుంచి సోర్స్ లేక్ వైపు వెళ్లే దారి దీనికి మంచి ఉదాహరణ. లోయ అడుగున చదునుగా సాగిపోతుంది. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు అనిపిస్తుంది. దారికి అటూ ఇటూ తలెత్తి చూస్తే చెట్లు లేని పొడవాటి చారలు కొండ కొస దాకా కనిపిస్తాయి. ఏటా చరియలు దిగే దారులవి, అందుకే అక్కడ పెద్ద చెట్టు బతకలేదు. దారి చదునే. దారి పైనున్నది చదును కాదు.

పావుగంట

మంచు చరియలో కూరుకుపోయిన మనిషికి చలి చంపేంత సమయం ఉండదు. ముందు ఊపిరే అందదు. జారేటప్పుడు రాపిడికి కాస్త వేడెక్కిన పలుకులు ఆగగానే ఒకదానికొకటి అతుక్కుపోయి బిగుస్తాయి. వేలు కూడా కదలదు. వదిలిన ఊపిరే తిరిగి పీల్చాలి. ముక్కు ముందు మంచు తడిసి గడ్డకట్టి అదీ మూసుకుంటుంది. పది పదిహేను నిమిషాల్లోపు తవ్వి తీసినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒకవంతే.

సహాయ బృందం హెలికాప్టర్లో వచ్చేసరికి ఆ పావుగంట ఎప్పుడో అయిపోతుంది. హైవే కనుచూపు మేరలో ఉన్నా అంతే. తీయాల్సింది పక్కనున్న స్నేహితులే. అందుకని ప్రతి మనిషి ఛాతీ మీద ఒక బీకన్ కట్టుకుంటాడు. అది 457 కిలోహెర్ట్జ్‌లో, అంటే మన పాత రేడియోలో మీడియం వేవ్ పట్టీ మొదలయ్యే చోటుకు కొద్దిగా దిగువన, ఆగకుండా సంకేతం పంపుతూ ఉంటుంది. ప్రపంచమంతా ఒకటే పౌనఃపున్యం, కంపెనీ ఏదైనా సరే. ప్రమాదం జరిగాక మిగిలినవాళ్లు తమవి వినే వైపు తిప్పి వెతుకుతారు. పొడవాటి చువ్వతో గుచ్చి మనిషి ఎంత లోతులో ఉన్నాడో చూస్తారు, పారతో తవ్వుతారు. మీటరు లోతులో ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు ఎత్తిపోయాలి. బీకన్ కొనుక్కున్నవాళ్లు చాలామంది పార పని తేలికనుకుంటారు.

మినహాయింపులు ఉంటాయి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద చరియ పడి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పదిమంది కూరుకుపోయారు. వాళ్లలో మన అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆరు రోజుల తర్వాత తవ్వి తీస్తే కర్ణాటక జవాను హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో కనిపించాడు. చుట్టూ గాలి నిలిచే కాస్త చోటు మిగలడమే ఆయన్ను అన్నాళ్లు కాపాడింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశాడు.

మరి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, నిక్షేపంగా. 30 డిగ్రీలకు తక్కువ వాలు, పైన అంతకు నిటారు వాలు లేని చోటు, ఈ రెండూ చూసుకుంటే చరియ గొడవ దాదాపు ఉండదు. స్నోక్వాల్మీ చుట్టూ అడవుల్లో పాత కలప రోడ్లు అలాంటివి బోలెడు. కొత్తవాళ్లు రిసార్టు వాళ్లు పైకెక్కడానికి విడిచిపెట్టిన దారుల్లో మొదలుపెట్టడం ఇంకా నయం, అక్కడ వాలును కనిపెట్టి ఉండేవాళ్లుంటారు. వెళ్లే రోజు ఏ దారి తెరిచారో ముందు కనుక్కోవాలి.

నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్‌లకు వేరువేరుగా హెచ్చరిక ఇస్తుంది. ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. అయిదున్న రోజున వెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి చావులూ తక్కువే. ఎక్కువ ప్రాణాలు పోయేది మూడున్న రోజుల్లో, నడిమధ్య అంకె కదా అని ధైర్యం చేసినవాళ్లవి. అంకె చూసి ఊరుకోకుండా కింద రాసింది చదవాలి. బలహీనమైన పొర ఏ దిక్కు వాలుల మీద, ఎంత ఎత్తు నుంచి ఉందో అందులో ఉంటుంది. 'ఉత్తరం, తూర్పు వాలుల మీద, చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన' అని ఉంటే ఆ రోజు దక్షిణం వైపు చెట్ల మధ్య తిరిగి రావడమే.

ఇదంతా అమెరికా సంగతేనని వదిలేయడానికీ లేదు. 2020 అక్టోబర్ 3న రోహ్తంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. అంతకుముందు చలికాలంలో నెలల తరబడి కనుమ మూసుకుపోయి లాహుల్ వైపు రోడ్డు మీద వెళ్లే వీలుండేది కాదు. ఇప్పుడు మనాలిలో టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నానికి సొరంగం అవతల సిస్సు మంచులో ఉండొచ్చు. హైదరాబాద్, విజయవాడల నుంచి మనవాళ్లు అలా వెళ్లి ఫొటోలు దిగి వస్తూనే ఉన్నారు, సోలంగ్‌లో స్కీ అద్దెకు తీసుకుంటున్నారు. సొరంగం రెండు వైపులా పైన చరియలు దిగే వాలులున్నాయి. మనాలిలో 1969లో మొదలైన మంచు అధ్యయన సంస్థే ఇప్పుడు డీజీఆర్ఈ పేరుతో రక్షణ పరిశోధన సంస్థ కింద పనిచేస్తోంది. చలికాలంలో చరియల హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. జిల్లా యంత్రాంగం వాటిని ప్రకటిస్తుంది, పేపర్లలో వస్తాయి. హోటలూ టాక్సీ బుక్ చేసుకున్నాక కాకుండా, అంతకుముందే చూడాల్సింది ఆ హెచ్చరికల్ని.